మారుపేర్ల చెట్లు



మా నాయినకు రెండు పేర్లుండేవి. ఊళ్లో ఒకటి, బాయిలో ఒకటి. గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ బొగ్గు బాయిలు ఒక్కొక్కటే తెరుస్తున్న కాలంలో, ఎవరి పేరు మీద పని దొరికితే ఆ పేరుతోనే దిగినవాళ్లు చాలామంది. అన్న పేరుతో తమ్ముడు, చుట్టం పేరుతో చుట్టం. ల్యాంపు రూములో బిళ్ల ఆ పేరు మీదే, మస్టర్‌లో ఆ పేరే, జీతం చీటీ మీదా ఆ పేరే. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక అమ్మ పిలిచే పేరు మాత్రం వేరు. అట్లాగే ముప్పై ఏళ్లు గడిచిపోయేవి. కొలువు నుంచి దిగిపోయే రోజున కాగితాలు ముందేసుకుంటే, ఈ మనిషి ఆ మనిషేనా అన్న ప్రశ్న అప్పుడు లేచేది. మారుపేర్లు అనే మాట వింటే సింగరేణి బెల్టులో ఎన్నో ఇళ్లలో ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

నేను బతుకంతా చెప్పిన పాఠం వృక్షశాస్త్రం. చెప్పినన్నాళ్లూ నాకు అనిపించిందేమంటే, చెట్లకూ మారుపేర్లున్నాయి. తోతాపురి మామిడిని ఒక ఊళ్లో కలెక్టర్ అంటారు, ఇంకో ఊళ్లో బెంగళూరా అంటారు. బంగినపల్లి మన దగ్గర బెనీషాన్, ఢిల్లీ మార్కెట్‌కు పోతే సఫేదా. ఇది ఒకే మనిషికి రెండు మూడు పేర్లుండటం. దీంతో పెద్ద నష్టమేమీ లేదు. ఇంకో రకం మారుపేరుంది. ఒకరి పేరుతో ఇంకొకరు వచ్చి నిలబడటం. అంటు మొక్కకు కట్టిన చీటీ మీద ఒక పేరు, ఐదారేళ్లకు కాసిన కాయ మరొకటి. ఈ రోజు నేను మాట్లాడేది దీని గురించే. మామిడి దగ్గరికి చివరికి వస్తాను. ముందు యాపిల్ సంగతి చెప్తాను.

రామగుండం ఎండల్లో యాపిల్ ముచ్చట ఏమిటంటారా? మన చౌరస్తాలో తోపుడు బండి మీద కనిపించే యాపిల్ హిమాచల్ నుంచో కశ్మీర్ నుంచో లారీల్లో వస్తుంది. అది చలిదేశపు పండని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. ఆ చదువు తప్పు కాదు. మామూలు యాపిల్ చెట్టుకు శీతకాలంలో ఏడు డిగ్రీల లోపు చలి దాదాపు వెయ్యి గంటలు తగలాలి. ఆ చలి లెక్క పూర్తయితేనే మొగ్గలు నిద్ర లేస్తాయి. అది తక్కువైతే ఆకులే సరిగా రావు, ఇక పూత మాట ఎక్కడిది?

కానీ గోదావరి వంతెన దాటి, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా ఆసిఫాబాద్ పోయి, అక్కడి నుంచి గుట్టల దారి పడితే కెరమెరి మండలం వస్తుంది. కుమ్రం భీం పోరాడిన జోడేఘాట్ ఆ మండలంలోదే. అక్కడ ధనోరా అనే ఊళ్లో ఒక రైతు యాపిల్ తోట వేశాడు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ నేలనూ వాతావరణాన్నీ చూసి మొక్కల విషయంలో ఆయనకు తోడు నిలిచారు. 2020 జూన్‌లో తెలంగాణ ఆవిర్భావ దినం నాడు ఆ తోట తొలి కాపు హైదరాబాద్‌లో ముఖ్యమంత్రి చేతికి చేరింది. అప్పుడు నేను ఆ వార్త చదివి పొంగిపోయానంటే అతిశయోక్తి కాదు. మన గోండుల నేల మీద యాపిల్!

ఆ తోటలోని రకం పేరు హెచ్‌ఆర్‌ఎంఎన్-99. హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ పేరులోని అక్షరాలే అవి. ఆయన ఊరు కొండకింద ఉంటుంది. యాపిల్ పండే ఎత్తు కాదు. 1990ల చివర ఆయన పెరట్లో పడేసిన యాపిల్ గింజల్లో ఒక మొక్క లేచింది, ఆ వేడిలోనే కాసింది. ఆయన దాన్ని పారేయకుండా అంటు కట్టి పెంచాడు. చలి గంటల అవసరం చాలా తక్కువున్న రకం అది. దేశంలో ఎన్నో వేడి జిల్లాలకు ఆ మొక్కలు పోయాయి. 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడే అసలు చిక్కు. ఒక రకానికి పేరొస్తే ఆ పేరుతో మొక్కలమ్మేవాళ్లు ఊరికొకరు పుడతారు. నర్సరీలో వరసగా పెట్టిన సంచుల్లో జానెడు మొక్కలుంటాయి. హెచ్‌ఆర్‌ఎంఎన్ ఆకు, అన్నా అనే మరో యాపిల్ రకం ఆకు, మామూలు గింజ మొక్క ఆకు పక్కపక్కన పెడితే నాలాంటివాడు కూడా ఇది ఇదేనని ఒట్టేసి చెప్పలేడు. పండు చూస్తేనే తెలుస్తుంది. పండు రావాలంటే ఏళ్లు పడతాయి. ఆ ఏళ్లలో డ్రిప్పు, కంచె, ఎరువు, కాపలా అంతా రైతుదే. తప్పు మొక్క అని తెలిసే నాటికి అప్పు పెరిగి ఉంటుంది, అమ్మినవాడు ఏమైపోయాడో తెలియదు.

చూపుతో జాతి పట్టడం ఎంత గొప్ప విద్యో, ఎక్కడ ఆగిపోతుందో నాకు మా నాయినే నేర్పాడు. ఒకరోజు మొదటి షిఫ్టు నుంచి వచ్చి టిఫిన్ సంచిలోంచి అరచేయంత నల్లరాతి పలక తీసి నా ముందు పెట్టాడు. బొగ్గు పొర మధ్యలో వచ్చే రాయి అది. దాని మీద ఒక ఆకు. గీసినట్టు కాదు, అచ్చు వేసినట్టు. నాలుక ఆకారం, మధ్యలో నిలువునా ఈనె, దాని నుంచి రెండు పక్కలకూ వలలాగా అల్లుకున్న సన్నటి ఈనెలు. వేలితో తడిమితే ఈనె చేతికి తగిలింది. "చెట్లు కూడా బాయిల పడ్డయి బిడ్డా" అన్నాడు. చాలా ఏళ్లకు కాలేజీలో దాని పేరు తెలుసుకున్నాను. గ్లోసోప్టెరిస్. నాలుక లాంటి ఫెర్న్ అని ఆ పేరుకు అర్థం. సుమారు పాతిక ముప్పై కోట్ల ఏళ్ల కిందట ఈ గోదావరి లోయలో పెరిగిన చెట్టు. మన బొగ్గులో పెద్ద భాగం ఆ అడవులదే. ఆ కాలపు భూఖండానికి గోండ్వానా అని పేరు. గోండుల నేల నుంచి పుట్టిన మాట అది.

ఆ ఆకును ఎట్లా గుర్తుపట్టారు? ఆకారం, ఈనెల అల్లిక, అంచు. వాటిని బట్టే. అంతకు మించి దారి లేదు. ఇప్పటిదాకా మనిషి చదవగలిగిన అతి పాత డీఎన్‌ఏ గ్రీన్‌లాండ్ మంచునేలలో దొరికింది. దాని వయసు ఇరవై లక్షల ఏళ్లు. మా నాయిన పలక దానికి నూరు రెట్లకు పైన పాతది. అందులో ఆకు రూపం మిగిలింది, ఆకులో రాసున్న రాత చెరిగిపోయింది. కానీ ఈ రోజు నేల మీద బతికున్న చెట్టులో ఆ రాత పచ్చిగా ఉంది. ఆకారం చూసి ఊరుకోవాల్సిన ఖర్మ మనకు లేదు.

ఆ రాత కళ్లతో చూడాలని ఉందా? ఇంట్లోనే చూడొచ్చు. నేను ప్రతి ఏడూ కొత్త పిల్లలకు ఇది చేసి చూపేవాణ్ని. బాగా మగ్గిన అరటిపండు ముక్కను ప్లాస్టిక్ కవర్లో వేసి పిసకాలి. కాసిని నీళ్లు, చిటికెడు ఉప్పు, గిన్నెలు తోమే సబ్బు నీళ్లు రెండు చెంచాలు కలపాలి. సబ్బు కణాల చుట్టూ ఉన్న కొవ్వు పొరను విప్పుతుంది. పల్చటి బట్టలో వడకట్టి ఆ నీళ్లు గాజు గ్లాసులో పోసి, ఫ్రిజ్‌లో పెట్టిన స్పిరిట్‌ను గ్లాసు అంచు వెంట మెల్లగా జారవిడవాలి. కదపకూడదు. రెండు నిమిషాలకు, నీళ్లూ స్పిరిటూ కలిసే చోట తెల్లటి పోగులు పైకి లేస్తాయి. పుల్లతో తిప్పితే చుట్టుకుంటాయి. ఒక ఏడు వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి, "సార్, మజ్జిగ చిలికితే వెన్న తేలినట్టుంది" అంది. అంతకంటే మంచి వర్ణన నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆ వెన్నపోగులో నాలుగే అక్షరాలుంటాయి. ఎ, టి, జి, సి. యాపిల్‌లో ఆ రాత పదిహేడు జతల క్రోమోజోముల్లో సర్ది ఉంటుంది. గోల్డెన్ డెలీషియస్ రకం పూర్తి రాతను ఇటలీ శాస్త్రవేత్తలు ముందుండి 2010లో ప్రకటించారు. కోట్ల అక్షరాలు. కానీ ఒక చెట్టును గుర్తుపట్టడానికి కోట్ల అక్షరాలూ చదవనక్కర్లేదు. కొన్ని గుర్తులు చూస్తే చాలు. వాటినే జన్యు మార్కర్లంటారు.

మార్కర్ అంటే ఏమిటో చెప్పడానికి మన బతుకమ్మ పాటను గుర్తు తెచ్చుకోండి. చరణం చివర ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక ఊరి ఆడవాళ్లు దాన్ని రెండుసార్లు అంటారు, పక్క ఊరి వాళ్లు మూడుసార్లు. పాట అదే, అర్థమూ అదే. ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే పాడుతున్నది ఏ ఊరివాళ్లో పట్టెయ్యొచ్చు. డీఎన్‌ఏలో కూడా అట్లాంటి చోట్లున్నాయి. జి-ఎ, జి-ఎ, జి-ఎ అని రెండక్షరాలు అదే పనిగా తిరిగి వస్తాయి. ఒక రకంలో పన్నెండుసార్లు, ఇంకో రకంలో పదిహేడుసార్లు. దానివల్ల పండు తీపీ మారదు, రంగూ మారదు. అందుకే ఆ తేడా ఎవరి కంటా పడకుండా తరాలుగా అట్లాగే దిగుతూ వస్తుంది. వీటిని మైక్రోశాటిలైట్లంటారు. ప్రయోగశాలలో ఆ చిన్న ముక్కను లక్షల నకళ్లు తీసి, జెల్‌లో పెట్టి కరెంటు ఇస్తారు. ఇరుకు సందులో పెద్దవాళ్లకంటే చిన్నపిల్లలు ముందు జారుకున్నట్టు, పొట్టి ముక్క ముందుకు పోతుంది, పొడుగు ముక్క వెనకబడుతుంది. ఎక్కడ ఆగిందో చూసి లెక్క తెలుసుకుంటారు.

ఒక చోట లెక్క కలిస్తే యాదృచ్ఛికం కావచ్చు. పది పన్నెండు చోట్ల కలిస్తే అది ఆ రకమే. ఒక బాయిలో ఒకే పేరున్నవాళ్లు పదిమంది ఉన్నా ల్యాంపు రూము బిళ్ల నంబరు ఎవరిది వారిదే అయినట్టు, రకానికొక నంబరు ఏర్పడుతుంది. ఇందులో ఇంకో విశేషముంది. ప్రతి చోటా చెట్టుకు రెండు లెక్కలుంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. కాబట్టి ఇది ఏ రకమో చెప్పడంతో ఆగదు, ఎవరి బిడ్డో కూడా చెప్తుంది.

అమెరికాలో హనీక్రిస్ప్ అనే రకం ఉంది. కరకరలాడుతుందని దానికి చాలా పేరు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1960లో చేసిన సంకరం నుంచి పుట్టింది, 1991లో రైతులకిచ్చారు. తల్లిదండ్రులు మకౌన్, హనీగోల్డ్ అని రిజిస్టర్లో రాసుంది. తర్వాత మార్కర్లతో చూస్తే ఆ ఇద్దరిలో ఎవరూ దానికి తల్లీ కాదు, తండ్రీ కాదు! ఒకరు కీప్‌సేక్ అనే రకమని తేలింది. రెండోవారి ఆచూకీ 2017లో గానీ దొరకలేదు. అది పేరు కూడా పెట్టకుండా నంబరుతోనే మిగిలిపోయిన ఒక పాత మొక్క. ఇది చదివినప్పుడు నాకు మా నాయిన మస్టర్ పేరే గుర్తొచ్చింది. అంత పెద్ద విశ్వవిద్యాలయంలో, అంత జాగ్రత్తగా రాసే పుస్తకంలో కూడా ఒకరి చోట ఒకరి పేరు పడింది. చెట్టులో రాత మాత్రం ఏళ్ల తరబడి అట్లాగే నిజం చెప్తూ ఉంది, అడిగినవాళ్లు లేరు, అంతే.

ఈ విద్యలో మన హైదరాబాద్‌కు పెద్ద చోటుంది. సీసీఎంబీలో లాల్‌జీ సింగ్ గారు పాముల క్రోమోజోముల మీద పనిచేస్తూ, పట్టీల కట్లపాము డీఎన్‌ఏలో దొరికిన ఒక తిరిగితిరిగి వచ్చే ముక్కతో మనుషుల డీఎన్‌ఏ వేలిముద్ర తీయవచ్చని 1980ల చివర చూపించారు. తగువుపడ్డ బిడ్డ తండ్రి ఎవరన్నది అప్పటి నుంచి మన దేశపు కోర్టుల్లో ఆ పద్ధతితో తేలుతూ వచ్చింది. అక్కడి నుంచి మొక్కల దాకా రావడానికి ఎంతో కాలం పట్టలేదు. హైదరాబాద్‌లోనే ఉన్న సీడీఎఫ్‌డీ సంస్థలో జె. నాగరాజు గారూ ఆయన విద్యార్థులూ మార్కర్లతో అసలు బాస్మతినీ మిగతా వరి రకాలనూ విడదీసి 2002లో ప్రకటించారు. ఎగుమతయ్యే బాస్మతి బస్తాలో వేరే బియ్యం ఎంత కలిసిందో కూడా చెప్పే పరీక్ష అక్కడ నడిచింది. బియ్యపు గింజకు పట్టిన లెక్కే యాపిల్ ఆకుకు పడుతుంది, మామిడి ఆకుకు పడుతుంది. పద్ధతి ఒకటే.

యాపిల్ దగ్గరికే వద్దాం. అడవి యాపిల్‌నూ తోట యాపిల్‌నూ విడదీయడంలో మార్కర్లు చెప్పిన కథ నన్ను చాలా రోజులు వెంటాడింది.

రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ 1929లో కజకిస్తాన్‌లోని ఆల్మా-అటా చేరాడు. ఊరి పేరుకే యాపిల్ తండ్రి అని అర్థం చెప్పుకునేవాళ్లు. ఊరి చుట్టూ తియన్‌షాన్ కొండల మీద ఎవరూ నాటని యాపిల్ అడవులు. కొన్ని పండ్లు తోట పండ్లంత పెద్దవి, తీయనివి. తోట యాపిల్ ఇక్కడే పుట్టిందని ఆయన అప్పుడే ఊహించాడు. పంటల పుట్టుక వెతుకుతూ భూగోళమంతా తిరిగి గింజలు సేకరించిన ఆ మనిషిని సొంత ప్రభుత్వమే జైల్లో వేసింది. 1943లో సరటోవ్ జైల్లో ఆకలితో పోయాడు. ఆయన ఊహ నిజమా కాదా అని తేల్చే పనిముట్టు ఆయన కాలంలో లేదు.

2012లో ఫ్రాన్సుకు చెందిన ఆమందీన్ కోర్నీల్, ఆమె తోటివాళ్లు యూరప్ నుంచి చైనా దాకా ఎనిమిది వందలకు పైగా చెట్ల ఆకులు తెప్పించి 26 మైక్రోశాటిలైట్లతో పోల్చారు. వావిలోవ్ మాట నిలిచింది. తోట యాపిల్ మొదటి ఇల్లు మధ్య ఆసియానే. అక్కడి జాతి పేరు మాలస్ సీవెర్సీ. కానీ ఆ తర్వాతి కథ ఎవరూ అనుకోనిది. వర్తకుల ఒంటెల వెంట, గుర్రాల వెంట పడమరకు పోయిన యాపిల్, దారిలో యూరప్ అడవి యాపిల్‌తో ఎంతగా కలిసిపోయిందంటే, ఈ రోజు తోట యాపిల్ పుట్టినింటి కంటే ఆ మెట్టినింటికే దగ్గర చుట్టం. యూరప్ అడవి యాపిల్ కాయ చిన్నది, వగరు. దాన్ని చూసి దీనికి అదీ ఒక పెద్దదిక్కని ఎవరనుకుంటారు?

ఇంతటితో అయిపోలేదు. రాకపోకలు రెండువైపులా జరిగాయి. తోట యాపిల్ పుప్పొడి అడవిలోకీ పోయింది. తన పుప్పొడిని తాను ఒప్పుకోని చెట్టు యాపిల్. తేనెటీగ ఎక్కడి నుంచి తెస్తే అక్కడి చుట్టరికమే. కాబట్టి యూరప్ అడవిలో నిలబడ్డ యాపిల్ చెట్లలో కొన్ని అసలు అడవి జాతి, కొన్ని తోట జాతితో కలిసినవి, కొన్ని ఎవరో తిని విసిరేసిన గింజ నుంచి లేచినవి. చూస్తే అన్నీ అడవి చెట్లే. అడవిలో ఉన్నంత మాత్రాన అడవి జాతి కాదు. అసలు అడవి జాతిని కాపాడాలనుకుంటే ముందు అది ఏదో తెలియాలి. అది మార్కర్ చెప్పాల్సిందే.

మన దగ్గర దీనికి సరిసాటి సీతాఫలం. రామగుండం గుట్టల మీద, ఆదిలాబాద్ అడవుల్లో, దసరా వచ్చేసరికి ఎవరూ నీళ్లు పోయని సీతాఫలం చెట్లు కాయలతో వంగిపోతాయి. మన అవ్వలు గంపల్లో తెచ్చి అమ్ముతారు. పేరులో సీతమ్మ ఉంది. ఇంతకంటే మన చెట్టు ఏముంటుంది? కానీ దాని పుట్టిల్లు అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు. సముద్రం దాటి వచ్చి, మన గుట్టలెక్కి, మన దేవత పేరు పెట్టుకుని అడవి చెట్టయింది. ఇది చెప్తే కొందరు నొచ్చుకుంటారు. నాకైతే ఆ చెట్టు మీద ప్రేమ పెరిగింది. ఎవరూ సాకకుండా, రాళ్లలో, ఎండలో వందల ఏళ్లు నిలబడి మన నేలకు అలవాటుపడిన చెట్టది. పాలమూరు వైపు బాలానగర్ సీతాఫలానికి ఎంత పేరో మీకు తెలుసు. మన ఈ గుట్టల మీద కూడా అంత గుజ్జు, అంత తీపి ఉన్న చెట్లు ఎన్ని ఉన్నాయో ఒక్కొక్కదాని ఆకూ తీసి చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

అడవి జాతిలో ఏముందని ఇంత ఆరాటం అని అడుగుతారేమో. మన పొలంలోనే జవాబుంది. పెద్దపల్లి జిల్లాలో బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, పండించని ఊరు ఉందా? సాంబ మసూరి అన్నం మెతుకు మెతుకుగా ఉంటుంది గానీ ఆ పైరుకు బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద శత్రువు. ఆ తెగులును ఆపే ఎక్స్‌ఏ 21 అనే జన్యువు ఆఫ్రికా అడవి వరి ఒకదానిలో దొరికింది. గడ్డి లాంటి మొక్క. ఆ జన్యువునూ ఇంకో రెండింటినీ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి సాంబ మసూరిలోకి తెచ్చాయి. సంకరం చేసిన ప్రతి తరంలో లేత మొక్క ఆకు తుంచి, మార్కర్ చూసి, ఆ జన్యువులున్నవాటిని ఉంచి మిగతావాటిని తీసేశారు. అన్నం రుచి పోలేదు, తెగులు తట్టుకునే బలం వచ్చింది. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో విడుదలైంది. యాపిల్‌లోనూ ఇదే జరిగింది. పొక్కు తెగులును తట్టుకునే గుణం మాలస్ ఫ్లోరిబండా అనే గోలీకాయంత పండున్న ఒక పూల చెట్టు నుంచి వచ్చింది.

మార్కర్‌కు చేతకానివీ ఉన్నాయి. ఒకే చెట్టు కొమ్మల నుంచి అంటు కట్టిన చెట్లన్నీ నిజానికి ఒకే చెట్టు. శామ్యూల్ స్టోక్స్ గారు 1916లో సిమ్లా దగ్గర కోట్‌గఢ్‌కు తెచ్చిన రెడ్ డెలీషియస్, అమెరికాలో ఐయోవా రైతు పొలంలో దానంతటదే లేచిన ఒక్క చెట్టు సంతానమే. కొమ్మ నుంచి కొమ్మకు అదే ప్రాణం. అట్లాంటి చెట్టులో ఎప్పుడో ఒక మొగ్గ మారి, ఆ ఒక్క కొమ్మకే ఎరుపు ఎక్కువున్న పండ్లు వస్తాయి. ఆ కొమ్మను వేరే పేరుతో అమ్ముతారు. నేను చెప్పిన మైక్రోశాటిలైట్లు ఆ రెంటికీ తేడా పట్టలేవు. అట్లాగే పండు తీపి ఎంత, మన నేలలో ఎంత కాస్తుంది అన్నది కూడా ఆ లెక్క చెప్పదు. అది రైతు నాలుకా, రైతు కన్నూ చెప్పాల్సిందే.

ఇక మామిడి. మొదట మాటిచ్చాను.

మా నాయిన దిగిపోయాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఊళ్లో ఇంటి వెనక రెండు బంగినపల్లి అంట్లు నాటాడు. ఎక్కడ కొన్నాడన్నది ఇప్పుడు అనవసరం. చీటీ మీద బంగినపల్లి అనే ఉంది. వేసవిలో బోరు ఎండిపోతే చెరువు దగ్గర్నుంచి కావడితో నీళ్లు తెచ్చి పోశాడు. బాయిలో తట్టా చెమ్మస్ మోసిన భుజమది. ఒక చెట్టు మంచిదే అయింది. రెండోది ఆరో ఏట కాసింది. కాయ చిన్నది, పీచు, పులుపు. నేను వెళ్లి మొదలు దగ్గర మట్టి తీసి చూశాను. అంటు కట్టిన చోటుకు పైన ఉండాల్సిన కొమ్మ ఎప్పుడో ఎండిపోయింది. కింద వేరు మొక్కగా వాడిన నాటు గింజ నుంచి చిగురు లేచి, అదే చెట్టయింది. బంగినపల్లి పేరుతో నాటు చెట్టు ఆరేళ్లు నీళ్లు తాగింది. మొదటి ఏడాదే ఒక్క ఆకు తుంచి చూసుకునే వీలుంటే ఆ ఆరేళ్ల కావడి మోత తప్పేది. నాకు ఈ విద్య తెలిసి ఉండి కూడా మా నాయినకు అక్కరకు రాలేదన్న బాధ ఇప్పటికీ ఉంది. ఆకు పరీక్ష ఖర్చు అంటు మొక్క ధరలో కలిసిపోయేంతగా తగ్గాలి, సర్కారు నర్సరీలోనైనా ప్రైవేటు నర్సరీలోనైనా తల్లిచెట్టు మార్కర్ నంబరు చీటీ మీద ఉండాలి. ఇది నేను గట్టిగా అడుగుతున్న మాట. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు అంత రక్షణ ఇచ్చినప్పుడు, ఆ పేరుతో అమ్మే మొక్కకూ ఇవ్వాలి కదా!

ఆ చెట్టు కొట్టేద్దామని నేనంటే మా నాయిన ఒప్పుకోలేదు. "దాని తప్పేముంది బిడ్డా, మనమే వేరే పేరు పెట్టి పిలిచినం. పుల్లగుంటే తొక్కు పెట్టుకుందాం" అన్నాడు. పెట్టుకున్నాం. పీచుంది కాబట్టి ముక్క మెత్తబడకుండా ఏడాది నిలిచింది. రెండేళ్లకు చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా తొక్కుకు ఆ చెట్టు కాయలే అడగడం మొదలుపెట్టారు.

మీ ఊళ్లో కూడా అట్లాంటి నాటు చెట్లుంటాయి. చెరువు కట్ట మీద, గుడి వెనక, పాత బాయి గడ్డ మీద. రోడ్డు వెడల్పుకో తవ్వకానికో పోయేలోపు ఒక పని చేయండి. లేత ఆకులు నాలుగు తుంచి, తడి లేకుండా తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన కవర్లో పెట్టండి. కొత్త చెప్పుల పెట్టెలో, మందుల సీసాలో వచ్చే ఆ చిన్న పొట్లాలే, తాజావి అయితే చాలు. ఆకు రోజులో గలగలమనేలా ఎండితే లోపలి రాత ఏళ్ల తరబడి చెడదు. కవరు మీద చెట్టు ఉన్న చోటు, కాయ రుచి, ఊళ్లో పిలిచే పేరు రాయండి. రెండు పేర్లుంటే రెండూ రాయండి.

మా నాయిన చెట్టు ఆకులు అట్లా ఒక కవర్లో నా బీరువాలో ఉన్నాయి, గ్లోసోప్టెరిస్ పలక పక్కన. కవరు మీద పేరు రాయాల్సిన చోట మా ఇంటి పక్క అవ్వ ఆ చెట్టును పిలిచే పేరే రాశాను. బాయోళ్ల మామిడి.